ఎరవు గొడ్డలి, ఎరవు ట్రాకు



ఈ వారం ధ్యానం పాటల గురించి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే పాట వెనుక మోగే ట్రాకు గురించి. ఇప్పుడు ఏ పల్లె సంఘంలో చూసినా ఒక స్పీకరు, ఒక ఫోను, ఆ ఫోనులో నలభై యాభై ట్రాకులు ఉంటున్నాయి. తబలా వాయించేవారు లేని చోట, కీబోర్డు కొనే స్తోమత లేని చోట ఆ ట్రాకులే మనకు వాద్యబృందం. దేవునికి స్తోత్రం. అయితే యవ్వనస్థులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "అయ్యగారూ, ట్రాకు పెట్టుకొని పాడి వీడియో తీసి యూట్యూబులో పెట్టుకోవచ్చునా? దేవుని పాటే గదా, అడ్డేముంది?"

రెండవ రాజులు ఆరవ అధ్యాయంలో ప్రవక్తల శిష్యులు యొర్దాను ఒడ్డున మ్రానులు నరుకుతుంటారు. ఉన్న చోటు ఇరుకైంది, కొత్త నివాసం కట్టుకోవాలి. ఒకని గొడ్డలి ఊడి నీళ్ళలో పడింది. అతడు వెంటనే ఎలీషాకు మొరపెట్టుకున్నాడు. ఆ మొరలో అతడు చెప్పిన సంగతి ఒక్కటే, ఆ గొడ్డలి అతనిది కాదు, అడిగి తెచ్చుకున్నది. చేస్తున్నది దేవుని పని, పక్కన ఉన్నది దేవుని ప్రవక్త. అయినా గొడ్డలి ఇచ్చినవాడు అతని తలపులో నుండి పోలేదు. ట్రాకుల విషయంలో మనకు కావలసిన మనస్సు అదేనని నేను నమ్ముతున్నాను. ఎందుకో మా సంఘంలో జరిగిన సంగతి చెబుతాను.

మాది జనగామ వైపు ఒక పల్లె. మా సంఘంలో ఒక తమ్ముడు పిల్లనగ్రోవి వాయిస్తాడు. డిగ్రీ అయింది, జనగామలో సెల్‌ఫోన్ల దుకాణంలో పని. వాళ్ళ నాయనకు ఈ ఊదుడు ఇష్టం లేదు. "దీంతో బువ్వ దొరుకుతదా?" అనేవాడు. గత ఏడాది శ్రమదినాలలో ఆ తమ్ముడు పురుషోత్తమ చౌదరి గారి కీర్తన ఒకటి ట్రాకు మీద వాయించాడు. చర్చిలో విన్నవాళ్ళ కళ్ళు తడిశాయి. తరువాత అదే ట్రాకు మీద మళ్ళీ వాయించి వీడియో తీసి సంఘం ఛానెల్‌లో పెట్టాడు. మూడు వారాల్లో పాతిక వేల మంది చూశారు. దుబాయిలో ఉన్న మేనమామ ఫోను చేసి, "బావా, మీవాని పిల్లనగ్రోవి మా రూములో అందరం విన్నం" అన్నాడట. ఆ రాత్రి మొదటిసారిగా నాయన కొడుకును కూర్చోబెట్టి వాయించమన్నాడు.

ఆ ఉత్సాహంలో యవ్వనస్థులు ఒక ఆలోచన చేశారు. ఇలాగే పన్నెండు కీర్తనలు ట్రాకుల మీద వాయించి, పెన్‌డ్రైవుల్లో వేసి, ఈస్టరు పండుగకు చుట్టుపక్కల సంఘాల్లో అమ్మాలి. వచ్చిన డబ్బుతో చర్చి రేకులు మార్చాలి. మా రేకులకు ఎన్ని చిల్లులున్నాయో వర్షాకాలంలో వచ్చినవారికి తెలుసు. ఇంతలో ఫోనుకు ఒక కబురు వచ్చింది. ఆ వీడియోలోని సంగీతం మాది అని ఒక ఆడియో కంపెనీ క్లెయిము వేసింది. వీడియో తీసివేయలేదు గాని, దాని మీద ప్రకటనల డబ్బు ఏదైనా వస్తే అది వాళ్ళకే వెళ్తుంది.

తమ్ముడు ఫోను పట్టుకొని నా దగ్గరకు వచ్చాడు. "చౌదరి గారు పోయి నూరేండ్లు దాటె గద అయ్యగారూ. ఆయన పాట వీళ్ళదెట్లయితది?" పక్కనే ఉన్న మా సంఘ పెద్ద నవ్వాడు. "దేవుని పాటకు గూడ పట్టా ఉంటదా?" ఇంకొక పిల్లవాడు దారి చెప్పాడు. ఆ క్లెయిము కింద అభ్యంతరం తెలిపే బటను ఉంటుంది. ఇది హక్కులు లేని పాత పాట అని నొక్కితే సరి. కంపెనీ ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వకపోతే క్లెయిము దానంతట అదే పోతుంది. చాలామంది అలాగే చేస్తున్నారట.

నేను ఆగమన్నాను. ఆ బటను నొక్కడమంటే ఒక మాటకు సాక్ష్యం పలకడం. ఆ మాట నిజమో కాదో ముందు తెలుసుకోవాలి గదా. నేను వకీలును కాను. కాని మన దేశంలో 1957 నుండి ఉన్న కాపీరైటు చట్టంలో ముఖ్యమైన సంగతులు ఎవరైనా చదివి తెలుసుకోవచ్చు.

చట్టం దృష్టిలో పాట ఒక్క వస్తువు కాదు. మాటలు ఒకటి, రాగం ఒకటి, రికార్డు చేసిన ధ్వని ఒకటి. దాని మీద పాడేవారి, వాయించేవారి ప్రదర్శన ఇంకొకటి. నాలుగింటికి నలుగురు హక్కుదారులు ఉండవచ్చు. మాటలకూ రాగానికీ హక్కు రచయిత, స్వరకర్త బ్రతికినంత కాలమూ, వారు చనిపోయిన తరువాత 60 ఏళ్ళూ ఉంటుంది. చౌదరి గారు 1803లో పుట్టి 1890లో ప్రభువు నొద్దకు వెళ్ళారు. కాబట్టి ఆయన కీర్తనల మాటలు ఎప్పుడో అందరివీ అయిపోయాయి. బైబిల్ మిషన్ దేవదాసు అయ్యగారు 1960లో మహిమలోనికి వెళ్ళారు. ఆయన జీవితకాలంలో అచ్చయిన పాటల హక్కు ఆ లెక్కన 2020 డిసెంబరుతో ముగిసింది. మరి ఈనాడు మన మధ్య బ్రతికి ఉన్న దైవజనులు రాసిన పాటలో? వాటికి హక్కు నిండుగా ఉంది. ఆదివారం నోటికి వచ్చే పాటల్లో ఎక్కువ భాగం ఇవే.

ఇక ట్రాకు. రికార్డు చేసిన ధ్వనికి, అది విడుదలైన తరువాత 60 ఏళ్ళ హక్కు ఉంటుంది. పాట ఎంత పాతదైనా సరే, ట్రాకు నిన్న చేసినదైతే ఆ ట్రాకు హక్కు నిన్ననే పుట్టింది. ఒక రికార్డింగును తన లోపల ఇముడ్చుకున్న మరో రికార్డింగు చేయడం కూడా ఆ హక్కుదారుని చేతిలోనే ఉంది. ట్రాకు మీద పిల్లనగ్రోవి వాయించి రికార్డు చేస్తే జరిగేది సరిగ్గా ఇదే. మా పెద్దాయనకు నేను ఇలా చెప్పాను. "చెరువు నీళ్ళు ఊరందరివి. కాని నీళ్ళు తెచ్చిన కుండ కుమ్మరి చేసింది. ఒకరు డబ్బిచ్చి కొనుక్కున్నది. నీళ్ళు నావి గదా అని కుండ ఎత్తుకుపోతే ఊరుకుంటరా?" ఆయన కొంచెం సేపు మాట్లాడలేదు. తరువాత, "మరి చర్చిల వాయించినప్పుడు?" అని అడిగాడు.

మంచి ప్రశ్న. చట్టం అక్కడ మనకు తలుపు తెరిచే ఉంచింది. 52వ సెక్షను ప్రకారం నిజమైన మతపరమైన ఆచరణలో పాటను పాడినా, వాయించినా, రికార్డింగును వినిపించినా అది హక్కుల ఉల్లంఘన కాదు. పెండ్లి ఊరేగింపు, పెండ్లికి సంబంధించిన వేడుకలు కూడా అందులోనే ఉన్నాయి. కాబట్టి ఆదివారం ఆరాధనలో ట్రాకు పెట్టుకొని పాడినందుకు ఎవరూ భయపడనవసరం లేదు. కాని ఆ మినహాయింపు ఆ ఆచరణ వరకే. సోమవారం వీడియో తీసి లోకమంతటికీ పెట్టడం వేరు. పెన్‌డ్రైవుల్లో వేసి అమ్మడం మరీ వేరు. తెలిసి చేసిన ఉల్లంఘనకు ఆరు నెలల నుండి మూడేళ్ళ వరకు జైలు, 50,000 నుండి 2,00,000 రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. లాభం కోసం చేయనప్పుడు న్యాయస్థానం శిక్ష తగ్గించవచ్చు. కాని రేకుల కోసం అమ్మినా అమ్మకమే గదా.

ట్రాకు ఎవరిదో కనుక్కుంటూ పోతే సికింద్రాబాదులో తేలాము. వీడియో కింద కంపెనీ పేరు ఉంది గాని, ట్రాకు చేసిన మనిషి పేరు లేదు. మాకు తెలిసిన ఒక కీబోర్డు సోదరుడు విని, ఆ తబలా నడక పట్టి, ఇది ఫలానా ఆయన పని అన్నాడు. తమ్ముడూ నేనూ కాజీపేట వైపు నుండి వచ్చే ప్యాసింజరు బండి ఎక్కి లష్కరు చేరాము.

సికింద్రాబాదు తెలుగు క్రైస్తవులకు పాత ఊరు. 1806లో సికందర్ జా పేరు పెట్టుకున్న దండు ఊరిది. 1813 నాటి సెయింట్ జాన్స్ చర్చి ఇంకా నిలిచి ఉంది. ఒక ప్రాంతానికి బైబిల్ హౌస్ అన్నదే పేరుగా స్థిరపడింది. పాటల పుస్తకాలకూ, బైబిళ్ళకూ, హార్మోనియం బాగుచేయించడానికీ మా వైపు పాస్టర్లు వెళ్ళేది ఇక్కడికే. ఇప్పుడు సందుల్లో చిన్న చిన్న రికార్డింగు గదులు కూడా ఉన్నాయి. మేము వెళ్ళినది అలాంటి ఒక గది. మేడ మీద ఒకే గది, గోడలకు కోడిగుడ్ల అట్టలు, ఒక కంప్యూటరు, ఒక కీబోర్డు, మూలన ఇద్దరు పిల్లల స్కూలు సంచులు.

ఆయన మమ్మల్ని కూర్చోబెట్టి టీ తెప్పించాడు. సంగతి విని కంప్యూటరులో ఆ ట్రాకు తెరిచాడు. తెర మీద నలభైకి పైగా గీతలు ఒకదాని కింద ఒకటి. ఒక్కొక్కటి విడిగా వినిపించాడు. ఇది తబలా, మనిషిని పిలిచి గంట లెక్కన డబ్బిచ్చి వాయించినది. ఇది తాళం. ఇది కీబోర్డు మీద వయొలిన్లు, ఒక్కో గొంతు విడిగా. చరణం దగ్గర లయ అర మాత్ర ఆగుతుంది. అలా ఆపింది పాడేవాడు ఊపిరి తీసుకోవాలని. "రెండు రాత్రులు పట్టింది పాస్టరు గారూ" అన్నాడు. మా తమ్ముడు ఆ అర మాత్ర దగ్గరే వేణువులో ఊపిరి మార్చుకుంటాడు. ఆ చోటు ఒకరు తనకోసం వదిలి ఉంచినదని అతనికి అప్పుడే తెలిసింది.

"మరి మాకు అనుమతి ఇస్తారా?" అని అడిగాను. ఆయన నవ్వాడు. "చేసింది నేనే గాని, అది నాది గాదు. కంపెనీ వాళ్ళు ఒక్కసారి పైసలిచ్చిన్రు, కాయితం మీద సంతకం పెట్టిన. ఇగ వాళ్ళదే."

చట్టం చెప్పేది కూడా ఇదే. రికార్డింగుకు కర్త అంటే దాని నిర్మాత, అనగా పూనుకొని చేయించినవాడు. మీటలు నొక్కినవాడు కాడు. 2012లో చట్టాన్ని సవరించినప్పుడు పాట రాసినవారికీ రాగం కట్టినవారికీ రాయల్టీలో వాటా పోకుండా కొంత కాపు కట్టారు. ట్రాకు కూర్చినవానికి ఆ కాపు లేదు. కూలి తీసుకున్నాడు, వెళ్ళిపోయాడు.

ఇది వింటుంటే చాలామందికి 2017 గుర్తుకు రావచ్చు. ఆ ఏడాది మార్చిలో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారు తన యాభై ఏళ్ళ పాటల ప్రయాణాన్ని పురస్కరించుకొని అమెరికాలో కచేరీలు చేస్తున్నారు. ఇళయరాజా గారి తరఫు వకీలు నుండి నోటీసు వచ్చింది. అనుమతి లేకుండా ఆ పాటలు వేదికల మీద పాడకూడదని. తెలుగువాళ్ళలో చాలామందికి మనస్సు నొచ్చింది. ఆ పాటలకు గొంతు ఇచ్చినదే ఆయన కదా అని. కాని బాలు గారు వాదం పెంచలేదు. చట్టం సంగతి తనకు తెలియదని, చట్టమైతే పాటించాలని చెప్పి, ఆ పాటలు పక్కనపెట్టి తక్కిన పాటలతో కచేరీలు సాగించారు. 2019లో ఇద్దరూ మళ్ళీ ఒకే వేదిక మీద కనిపించారు. ఆ నోటీసు న్యాయమా కాదా అన్నది ఇక్కడ నా విషయం కాదు. అన్ని వేల పాటలు పాడిన మనిషి, తన గొంతుతో పుట్టిన పాటలోనే తనది కాని భాగం ఒకటుందని వినగలిగాడు. మన పల్లె ఛానెల్‌వాళ్ళం వినలేమా?

మేము కంపెనీకి ఉత్తరం రాశాము. ఉన్నది ఉన్నట్టు రాశాము. ఏ ట్రాకు, ఎవరు వాయించారు, ఎక్కడ పెట్టాము, పెన్‌డ్రైవుల ఆలోచన ఏమిటి అన్నీ. రెండు వారాలకు జవాబు వచ్చింది. వీడియో యూట్యూబులో తమ క్లెయిముతో అలాగే ఉండవచ్చు. ఇంకెక్కడా పెట్టకూడదు. పెన్‌డ్రైవులకు అనుమతి లేదు.

పిల్లలకు కష్టమనిపించింది. పన్నెండు ట్రాకులూ దించి పెట్టుకున్నారు, ఎనిమిది పాటల సాధన కూడా అయిపోయింది. "ఎవరికి తెలుస్తది అయ్యగారూ, మన నాలుగు ఊర్లల్లనే గద" అన్నాడొకడు. నేను వాళ్ళకు దావీదును చూపించాను. తెగులు ఆగాలని బలి అర్పించడానికి అతడు అరౌనా కళ్ళానికి వెళ్ళాడు. అరౌనా కళ్ళమూ ఎద్దులూ కట్టెలూ ఊరకే ఇస్తానన్నాడు. రాజు ఒప్పుకోలేదు. తనకు ఖర్చు కానిదాన్ని దేవునికి అర్పించనని యాభై తులముల వెండి తూచి ఇచ్చాడు. అక్కడ యజమానుడే ఊరకే ఇస్తానన్నాడు, అయినా దావీదు వెల ఇచ్చాడు. ఇక్కడ యజమానుడు వద్దన్నాడు. మనం ఇంకెట్లా తీసుకుంటాము? అలా వచ్చిన డబ్బుతో వేసిన రేకుల కింద కూర్చుని నేను దొంగిలింపు గురించి ఏమని బోధించాలి?

పన్నెండు ట్రాకులూ ఫోనుల్లో నుండి తీసివేశారు. తరువాత మా పెద్దాయనే, పట్టా ఉంటదా అని అడిగిన ఆయనే, ఒక మాట అన్నాడు. "మన హార్మోనియం ఉన్నది, డోలకు ఉన్నది, తాళాలున్నయి. మనమే వాయిద్దం."

నాలుగు కీర్తనలు ఎంచుకున్నాము. నాలుగూ మాటలకు గాని రాగానికి గాని హక్కులు మిగలనివి. సికింద్రాబాదులో ఆ సోదరుని గదిలోనే ఒక శనివారం రికార్డు చేశాము. ఆయన అడిగిన డబ్బు ఇచ్చాము. లేవీయకాండము 19లో కూలివాని కూలి మరునాటి వరకు ఉంచుకోవద్దని ఉంది గనుక అదే సాయంత్రం ఇచ్చాము. ఒక కాగితం మీద రాసుకున్నాము. ఈ రికార్డింగు చేయించినది సంఘం, వాయించినవారు వీరు, కలిపి సరిచేసినవారు వీరు, వీరి పేర్లు ప్రతి చోటా ఉండాలి, ఏ పల్లె సంఘమైనా దీని మీద ఊరకే పాడుకోవచ్చు, వాయించుకోవచ్చు, పెట్టుకోవచ్చు. అందరూ సంతకాలు చేశారు. డోలకు వాయించిన తాత వేలిముద్ర వేశాడు.

ఆ నాలుగింటి పెన్‌డ్రైవులతో రేకులు సగమే మారాయి. తక్కిన సగం ఈ పంట తరువాత చూడాలి. కొత్త వీడియోలను కొన్ని వందల మంది మాత్రమే చూశారు, పాతికవేలు కాదు. వాళ్ళ నాయన మాత్రం ఇప్పుడు కొత్తదే పెట్టుకొని వింటున్నాడు. అందులో డోలకు తాత ఆయన చిన్ననాటి దోస్తు మరి.

ప్రియులారా, మీ సంఘాల కోసం కొన్ని మాటలు విడమరచి చెప్పనివ్వండి.

వీడియో కింద "హక్కులు వారివే" అని రాయడం మంచిదే, కాని అది అనుమతి కాదు. పక్కింటి ఎడ్లు విప్పుకుపోయి, ఇవి ఫలానావారివని కొమ్ములకు చీటీ కడితే సరిపోతుందా? అలాగే రచయిత పేరు మరచిపోవడం కూడా తప్పే. తన పేరు నిలుపుకొనే హక్కు, తన రచనను చెడగొట్టకుండా కాపాడుకొనే హక్కు రచయితకు చట్టం వేరుగా ఇచ్చింది.

డబ్బు రావడం లేదు గదా అన్నది జవాబు కాదు. శ్రుతి మార్చాము, వేగం తగ్గించాము, అర నిమిషమే వాడాము అన్నవి కూడా కావు. అలాంటి కొలతలు మన చట్టంలో ఎక్కడా లేవు.

డబ్బిచ్చి కొన్న ట్రాకయినా, దేనికి కొన్నామో చూసుకోవాలి. పాడుకోవడానికి ఇచ్చారా, వీడియో పెట్టుకోవడానికి కూడా ఇచ్చారా, అమ్ముకోవడానికా? వాట్సాప్‌లో అడిగి, వచ్చిన జవాబును దాచుకోండి. రాసి ఇచ్చిన ఒక్క వాక్యం చాలు.

బ్రతికి ఉన్న రచయిత పాటను మీ సొంత వాద్యాలతో వాయించినా, రికార్డు చేసి పంచాలంటే అనుమతి కావాలి. పాట మొదట రికార్డయిన ఏడాది గడిచి మరో ఐదేళ్ళు నిండితే, నోటీసు ఇచ్చి, ముందుగా రాయల్టీ కట్టి కొత్త రికార్డింగు చేసుకొనే దారి చట్టంలో ఉంది. కాని కనీసం 50,000 ప్రతుల లెక్కన కట్టాలి. మన సంఘాలకు అది మోయలేని బరువు. రచయితకే నేరుగా ఫోను చేయండి. నాకు తెలిసిన దైవజనులలో ఎక్కువమంది సంతోషంగా సరేనంటారు.

క్లెయిము వస్తే కంగారు పడవద్దు, కోపపడవద్దు. క్లెయిము వేరు, స్ట్రైకు వేరు. స్ట్రైకులు 90 రోజుల్లో మూడు వస్తే ఛానెలే పోవచ్చు. క్లెయిము అంటే ఈ కుండ మాది అని చెప్పడం. కొన్నిసార్లు అది పొరపాటుగా కూడా వస్తుంది. మీ డోలకు మీరు వాయించినదే అయితే అభ్యంతరం చెప్పండి, అది మీ హక్కు. వాయించినవానికి తన వాయింపు మీద 50 ఏళ్ళ హక్కును చట్టమే ఇచ్చింది. కాని నిజం కానిదాన్ని నిజమని నొక్కకండి. వేలితో నొక్కినా అది కూటసాక్ష్యమే.

మొదటి దినవృత్తాంతములు 25వ అధ్యాయం చదవండి. దేవాలయంలో పాడి వాయించే 288 మంది లెక్క అక్కడ ఉంది. వంతులు వేసి, ఒక్కొక్క వంతు నాయకుని పేరు రాశారు. పలకడానికి కష్టమైన పేర్లని మనం ఆ అధ్యాయం దాటేస్తాము. దేవుని ఆత్మ దాటనివ్వలేదు, రాయించి పెట్టాడు.

ఈ ఆదివారం మీరు వాడే ట్రాకులలో ఒక్కదాని వెనుక ఎవరున్నారో కనుక్కోండి. తబలా ఎవరిది, కూర్చినది ఎవరు, హక్కు ఎవరిది అని అడగండి. దొరికితే ఆ పేరు ప్రార్థనలో పలకండి. అనుమతి కావలసిన పని ఉంటే ముందే అడగండి. వద్దంటే ఉన్న వాద్యాలతో స్తుతించండి. మన ప్రభువు విరిగిన హార్మోనియం కూడా వింటాడు.

తండ్రీ, మా పాటల వెనుక పేరు లేకుండా పనిచేసిన చేతులను దీవించుము. వారి పిల్లలను పోషించుము. ఇతరులది అడిగి తీసుకొనే వినయమును, మాది అడిగినవారికి ఇచ్చే ఉదారమును మా సంఘములకు దయచేయుము. ఆమేన్.